మూడు నీళ్లు, రెండు నెగెటివ్‌లు

2020 వేసవిలో, కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హాస్టల్ గదిలో, జ్వరం తగ్గి వారం దాటిన ఒక అవ్వ నన్ను అడిగింది: "నాయనా, నాకు నీళ్లెప్పుడు పోస్తారు?" పక్కనున్న నర్సు ఆమెకు స్నానాలగది చూపించబోయింది. ఆ పిల్లకు పాతికేళ్లుంటాయి, అమ్మవారు పోసిన ఇల్లు చూసి ఎరగదు. అవ్వ అడిగింది స్నానం గురించి కాదు. మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో అంటురోగం నుంచి మనిషి బయటపడ్డాడని ఊరు ఒప్పుకునేది నీళ్లు పోసిన రోజున. "రెండు నెగెటివ్‌లు రావాలవ్వా, ఒక రోజు తేడాతో" అన్నాను. "ఎవరిస్తారవి?" అంది. మిషను ఇస్తుందన్నాను. ఆమెకది నచ్చలేదు. నాకూ నచ్చలేదు గానీ, నా కారణం వేరు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. నా సర్వీసంతా టీబీ కళ్లె పరీక్షల్లోనే గడిచింది. మా నాయన మశూచి టీకాలు వేసే ఉద్యోగి. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లావి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టి మమ్మల్ని కలుపుకుంది, రెండేళ్లకు దాని పేరు ప్రకాశం అయింది. అందుకే నాయన సర్వీసు పుస్తకంలో సగం ముద్రలు ఒక జిల్లావి, సగం ఇంకో జిల్లావి. ఊరి పేరు మారలేదు, ఉద్యోగం మారలేదు, నడిచే దూరాలూ మారలేదు. నల్లమల అంచున దోర్నాల వైపు పల్లెలకు బస్సు లేని రోజుల్లో ఆయన సైకిలు మీద కొంత, కాలినడకన కొంత పోయేవాడు. సంచిలో మందు బుడ్డీ, స్పిరిటు దీపం, సూదులు. పాతకాలంలో చర్మాన్ని గీరే చక్రం ఉండేది, దాని మచ్చ మా జేజి జబ్బ మీద రూపాయి బిళ్లంత ఉండేది. తర్వాత రెండు మొనల సూది వచ్చింది. దాన్ని మందులో ముంచి ఒకే చోట పదిహేను పోట్లు పొడవడమే.

మశూచి వచ్చిన ఇంట్లో నాయన చెప్పేవి రెండు మాటలు. చుట్టుపక్కల అందరూ టీకా వేయించుకోవాలి; రోగి ఒంటి మీది పక్కులన్నీ రాలేదాకా గడప దాటకూడదు. మొదటి మాటకు తిట్లు పడేవి, అమ్మవారికి కోపం వస్తుందని. రెండో మాటకు ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఆయన చెప్పకముందే వాళ్లు అది చేస్తున్నారు.

ఆ పద్ధతి ఎంత కట్టుదిట్టంగా ఉండేదో నేను చూసింది ఆటలమ్మ వచ్చిన ఇళ్లలో. పెద్దమ్మవారు మశూచి, చిన్నమ్మవారు ఆటలమ్మ. రెంటికీ మర్యాద ఒకటే. వాకిట్లో వేపమండలు కడతారు. అది దేవతకు అలంకారమే గాక ఊరికి బోర్డు కూడా. కొత్తవాళ్లు దాన్ని చూసి బయటి నుంచే మాట్లాడి వెళతారు. ఇంట్లో తిరగమాత వేయరు. చాకలికి బట్టలు వేయరు. మంగలి ఆ ఇంటికి రాడు. రోగి వేపాకు పక్క మీద పడుకుంటాడు, దురద పుడితే వేపరెమ్మతో రాసుకోవాలే గాని గోరు తగలనివ్వరు. పొక్కులు మాడి పక్కులు కట్టాక, వేపాకూ పసుపూ వేసి ఎండలో కాగబెట్టిన నీళ్లు పోస్తారు. ఆ ఒక్కసారితో అయిపోదు. మా ఇళ్లలో రోజులు ఎడమిచ్చి మూడుసార్లు పోస్తారు. మొదటి నీళ్లకు రోగి లేచి కూర్చుంటాడు, రెండో నీళ్లకు ఇంట్లోవాళ్లతో కలిసి తింటాడు, మూడో నీళ్లయ్యాక పోలేరమ్మకు పెరుగన్నం పెట్టి వీధిలోకి వస్తాడు. ఇందులో ఎవరి నమ్మకం ఎంతైనా, జరిగే పని మాత్రం ఒకటే: ఆ మనిషి వల్ల ఇంకొకరికి అంటే రోజులు గడిచిపోతాయి.

పక్కు రాలడం మంచి కొలత. కంటికి కనిపిస్తుంది, చదువు అక్కర్లేదు, ఎవరూ కాదనలేరు. అయితే పక్కు రాలినంత మాత్రాన వైరస్ చచ్చినట్టు కాదు. వోల్ఫ్, క్రూన్ అనే డచ్చి శాస్త్రవేత్తలు మశూచి పక్కుల్ని మామూలు కవర్లలో పెట్టి గదిలో దాచి, ఏటా కొన్ని తీసి పరీక్షించారు. పదమూడేళ్ల తర్వాత కూడా బతికున్న వైరస్ దొరికిందని 1968లో ప్రకటించారు. అలాగని మా ఊళ్లు పదమూడేళ్లు తలుపు వేసుకోవాల్సిన పని లేకపోయింది. ఎండిన పక్కులో చిక్కుకున్న వైరస్ గొంతులో నుంచి తుంపర్లతో వచ్చే వైరస్‌లా మీద పడదు. ఉండటం వేరు, అంటడం వేరు. మన దేశంలో ఆఖరి మశూచి రోగి 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్ దగ్గర దొరికింది. ఆ తర్వాత కూడా, కొత్త కేసు చూపినవాళ్లకు వెయ్యి రూపాయలు బహుమానం అని సర్కారు చాటింపు వేసింది. మా నాయన రెండేళ్లు ఆ చాటింపు వెంట తిరిగాడు. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆటలమ్మ పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి వెయ్యి అడిగేవాళ్లట.

నేను ఉద్యోగంలో చేరేసరికి మశూచి లేదు, టీబీ ఉంది. మార్కాపురంలో టీబీ గురించి మాట్లాడాలంటే పలకల గురించి మాట్లాడాలి. ఒకప్పుడు ఎక్కడెక్కడి బడిపిల్లలో రాసుకున్న నల్లపలక మా గనుల్లోది. రాయి తీసేవాళ్లు, పొరలుగా చీల్చేవాళ్లు, మిషను మీద కోసేవాళ్లు, అందరూ ఆ దుమ్మే పీల్చారు. దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది, అలా గట్టిపడ్డ చోట టీబీ తేలిగ్గా పాతుకుంటుంది. నా బల్ల మీదికి వచ్చిన కళ్లె డబ్బాల్లో పలకల ఫ్యాక్టరీ చేతులవే ఎక్కువ. స్లైడు కాల్చి, ఎర్ర రంగు పోసి, ఆమ్లంతో కడిగి, నీలం పోసి, సూక్ష్మదర్శినిలో చూస్తే నీలం మీద ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి. మందులు మొదలుపెట్టాక రెండు నెలలకోసారి, ముగింపులో ఒకసారి మళ్లీ చూడాలి. కొందరికి మందు బ్రహ్మాండంగా పనిచేస్తుంటుంది, తూకం పెరుగుతుంది, దగ్గు పోతుంది, స్లైడులో మాత్రం ఒకటీ అరా పుల్ల అలాగే కనిపిస్తుంది. చచ్చిన క్రిమి కూడా రంగు పట్టుకుంటుంది మరి. అనుమానం తీరాలంటే కల్చర్ పెట్టాలి. బతికుంటే పెరుగుతుంది, లేకుంటే లేదు. కాకపోతే వారాలు పడుతుంది.

తర్వాత జన్యువును వెతికే మిషన్లు వచ్చాయి, సీబీనాట్, దాని వెనక ట్రూనాట్. ట్రూనాట్ గోవాలో మోల్‌బయో వాళ్ల తయారీ. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అడగదు, మా వంటి చోట్లకు కుదిరిన మిషను. దాని మీద శిక్షణ ఇచ్చినప్పుడు మాకు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: ఇది రోగం పట్టుకోవడానికి, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో చూడటానికి, నయమైందా అని చూడటానికి మాత్రం వాడొద్దు. చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా దానికి డీఎన్ఏనే. వైద్యం చక్కగా జరిగిన మనిషికి నెలల తర్వాత కూడా పాజిటివ్ అనగలదు. టీబీ ల్యాబుల్లో పనిచేసే ఏ కుర్రాడికైనా ఇది తెలుసు.

2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ అదే ట్రూనాట్‌ను కోవిడ్‌కు అనుమతించింది. మన రాష్ట్రంలో మొదట తిరుపతి స్విమ్స్‌లోనే పరీక్ష ఉండేది, ఆ తర్వాత విజయవాడ, కాకినాడ, అనంతపురం వచ్చాయి. శాంపిళ్లు ఐస్ డబ్బాల్లో పోయి ఫలితం వచ్చేదాకా ఊరు ఊపిరి బిగబట్టేది. మిషన్లు దగ్గరికొచ్చాక ఆ ఎదురుచూపు తగ్గింది గానీ, మాకిచ్చిన ఆ పాత హెచ్చరిక మిషనుతో పాటు రాలేదు. అప్పటి నిబంధన ప్రకారం రోగిని ఇంటికి పంపాలంటే ఇరవై నాలుగు గంటల తేడాతో తీసిన రెండు శాంపిళ్లూ నెగెటివ్ రావాలి. అంటే ఏ పనికి వాడొద్దని మాకు చెప్పారో, సరిగ్గా ఆ పనికే వాడారు.

ఆ నిబంధన పెట్టినవాళ్లను నేను తప్పు పట్టను. కొత్త రోగం, ఏమీ తెలియని రోజులు, భయం. పైగా కరోనా జన్యువు ఆర్ఎన్ఏ, డీఎన్ఏ కంటే తొందరగా విరిగిపోయేది. వైరస్ చస్తే ఆర్ఎన్ఏ కూడా పోతుందిలే అనుకోవడానికి వీలుంది. కానీ మా పుస్తకాల్లో ఏం కనిపించిందంటే, ఒక మనిషికి నెగెటివ్ వస్తుంది, అందరం సంతోషిస్తాం, మర్నాటి శాంపిల్ పాజిటివ్. మళ్లీ మొదటికి. ఇంకొకరికి రెండూ నెగెటివ్ వచ్చి, ఇంటికి పోయాక ఏదో కారణంతో తీస్తే పాజిటివ్. ఊళ్లో "తిరగబెట్టింది" అన్నారు. తిరగబెట్టలేదు. ఆర్టీపీసీఆర్ జన్యువు ముక్కను రెట్టింపు, దానికి రెట్టింపు, అలా పెంచుకుంటూ పోతుంది. ముప్పై అయిదు రెట్టింపుల దాకా వెళితే ఒక్క ముక్క మూడు వేల కోట్లు దాటుతుంది. ముప్పై అయిదో చుట్టు దాకా దొరికినదాన్ని పాజిటివ్ అనాలని ఐసీఎంఆర్ గీత గీసింది. కోలుకుంటున్న మనిషి ముక్కులో మిగిలే తుక్కు ఆ గీతకు కాస్త ఇటూ అటూ ఊగుతుంటుంది. స్వాబ్ ఒక రోజు లోతుగా తిప్పితే దొరుకుతుంది, మర్నాడు నర్సు పిల్ల దయతలచి పైపైన తిప్పితే దొరకదు. నెగెటివ్ వచ్చిన రోజు కూడా అది అక్కడే ఉంది.

దీన్ని లోకం తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మ్యూనిక్ రోగుల మీద చేసిన పరిశోధన 2020 ఏప్రిల్ మొదట్లోనే వచ్చింది. లక్షణాలు మొదలైన ఎనిమిదో రోజు తర్వాత, ఆర్ఎన్ఏ దండిగా ఉన్నా, బతికున్న వైరస్‌ను వాళ్లు పెంచలేకపోయారు. అది మా కల్చర్ పరీక్ష లాంటిదే. దక్షిణ కొరియాలో నయమై మళ్లీ పాజిటివ్ అయినవాళ్లు వందల్లో తేలారు. వాళ్లలో 285 మందిని, వాళ్లతో మెలిగిన 790 మందిని అక్కడి అధికారులు వెంటాడి చూశారు. మళ్లీ పాజిటివ్ అయినవాళ్ల వల్ల అంటిన కేసు ఒక్కటీ తేలలేదు; 108 మంది శాంపిళ్లలో వైరస్ పెంచబోతే ఒక్కదాంట్లోనూ పెరగలేదు. గొంతు, ఊపిరితిత్తుల లోపలి పొర కణాలు రాలి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది, వాటితో పాటు రాలేవి ఈ ముక్కలే అని చెప్పారు. మన కేంద్రం మాత్రం ఆ నివేదిక కోసం ఆగలేదు. మే 8న నిబంధన మార్చింది. తేలికపాటి రోగం వచ్చినవాళ్లు లక్షణాలు మొదలై పది రోజులై, మూడు రోజులుగా జ్వరం లేకపోతే పరీక్ష అక్కర్లేకుండానే ఇంటికి పోవచ్చు, ఇంట్లో ఇంకో ఏడు రోజులు విడిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే దారికి వచ్చింది మే 27న. ఇంకో ముచ్చట: లోకంలో మశూచి లేదని ప్రకటించింది కూడా మే 8నే, 1980లో. మా నాయన ఉంటే ఈ సంగతి పదిమందికీ చెప్పుకునేవాడు.

అంటే మిషను పక్కకు జరిగి మళ్లీ రోజుల లెక్క వచ్చింది. నాకు ప్రాణం తెరిపిన పడింది. ఊళ్లకు పడలేదు. ఏప్రిల్‌లో రెండు నెగెటివ్‌లు లేకుండా మనిషిని పంపబోమని మేమే మైకులో చెప్పాం, మేలో పరీక్ష లేకుండా పంపుతున్నాం. ఎవరు నమ్ముతారు? సర్కారు చేతిలో పెట్టిన రెండు వేలు తీసుకుని ఇంటికి పోయినవాణ్ణి వీధి కుళాయి దగ్గరికి రానివ్వలేదు. హైదరాబాద్‌లో తాపీ పనికి మళ్లీ పోదామంటే మేస్త్రి నెగెటివ్ కాగితం అడిగాడు. జులైలో పరీక్షలు చేసే సంజీవని బస్సులు వచ్చినప్పుడు వరుసలో నిలబడ్డవాళ్లలో రోగం ఉందేమోనని వచ్చినవాళ్లెందరో, పోయిందని రాయించుకోవడానికి వచ్చినవాళ్లూ అందరు ఉంటారు. వాళ్లలో కొందరికి మళ్లీ పాజిటివే వచ్చేది. అలాంటి ఒకాయనను వాళ్లావిడ పెరట్లో కూర్చోబెట్టి వేపాకు నీళ్లు పోసింది, మూడుసార్లు, రోజులు ఎడమిచ్చి. పక్కింటివాళ్లు ఆ తర్వాత మాట్లాడారు. కాగితం చేయని పని నీళ్లు చేశాయి. శాస్త్రం ప్రకారం కూడా అప్పటికి ఆయన వల్ల ఎవరికీ ముప్పు లేదు.

కంటైన్మెంట్ కథ ఇంకా కష్టం. వీధి తెరవాలంటే ఆఖరి కేసు తర్వాత ఇరవై ఎనిమిది రోజులు లెక్క. ఒక మనిషి మిగిలిన తుక్కుతో పాజిటివ్ చూపిస్తే వీధి మొత్తానికి లెక్క జరిగేది. ఆ జులై చివర్లో కురిచేడులో మద్యం దుకాణాలు మూసి ఉండటంతో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. దాన్ని పరీక్షల మీదికి నెట్టడం న్యాయం కాదు. కట్టడి ఎవరి మీద ఎలా పడుతుందో చెప్పడానికి మాత్రం మా వైపు ఆ పేరు తలవక తప్పదు.

ముక్కులో నెగెటివ్ వచ్చాక జన్యువు ఇంకా ఎక్కడెక్కడ ఉంటుందో తర్వాత తర్వాత తెలిసింది. అదే ఏడు ఆగస్టులో హైదరాబాద్ సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్లు నగరం మురుగునీటిలో వైరస్ ఆర్ఎన్ఏ కొలిచి, ఎంతమందికి సోకి ఉంటుందో లెక్క కట్టారు. సోకిన మనిషి మలంలో దాదాపు ముప్పై అయిదు రోజుల దాకా ఆర్ఎన్ఏ పోతుందన్నది ఆ లెక్కకు ఆధారం. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2022లో, ఏడు నెలల తర్వాత కూడా వందమందిలో నలుగురికి మలంలో అది కనిపించిందన్నారు, అప్పటికి వాళ్ల గొంతులో ఏమీ లేదు. అమెరికాలో 44 మంది మృతదేహాలు కోసి చూసినవాళ్లకు ఒకరిలో 230 రోజుల తర్వాత కూడా, మెదడు సహా చాలా చోట్ల ఆర్ఎన్ఏ దొరికింది. నెలల తరబడి వదలని నీరసానికి ఈ మిగులే కారణమా అన్నదాని మీద వాదన తెగలేదు. అంటుకోవడం వరకూ మాత్రం తేలింది, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి పది రోజుల తర్వాత పంచేది దాదాపు ఏమీ లేదు.

అయితే నేను అందరికీ "అది ఉత్త తుక్కు" అని చెప్పేవాణ్ణి కాదు. అన్ని వైరస్‌లూ ఒకటి కావు. మా ల్యాబ్ పక్క గదిలోనే హెచ్ఐవీ కౌన్సెలింగు. మందులు క్రమంగా వాడితే రక్తంలో వైరస్ లెక్క కొలతకు అందనంత తగ్గిపోతుంది, కాగితం మీద "కనిపించలేదు" అని వస్తుంది. అది చూసి, పోయిందనుకుని మాత్రలు మానేసినవాళ్లు ఉన్నారు. వారాల్లో తిరిగొస్తుంది. వైరస్ తన జన్యువును మన తెల్లకణాల డీఎన్ఏలోనే కుట్టేసి నిద్రపోతుందని 1997లో అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారు. కోవిడ్ మిగులు తుక్కు, ఇది విత్తనం. బయట పరీక్ష చెప్పే మాట రెంటికీ ఒకటే.

విత్తనం మాట వచ్చింది కాబట్టి ఆటలమ్మ దగ్గరికే రావాలి. మూడో నీళ్లయ్యాక అమ్మవారు పొలిమేర దాటిందని మా జేజి అనేది. దాటలేదు. ఆటలమ్మ వైరస్ పొక్కుల నుంచి నరాల వెంబడి పాకి, వెన్నుపూసల పక్కనున్న నరాల ముడుల్లో చేరి, అక్కడ తన డీఎన్ఏ రూపంలో జీవితమంతా ఉండిపోతుంది. రక్తం తీసి వెతికితే దొరకదు. వయసు మీద పడి ఒంట్లో కాపలా సడలాక, ఆ ఒక్క నరం వెంబడే మళ్లీ బయటికి వస్తుంది. దాన్నే మేం అక్కి అంటాం, కింది జిల్లాల్లో సర్పి అంటారు. నడుంకి ఒక పక్కన మంట, ఆపైన పొక్కుల పట్టీ. రెండు కొసలూ కలిస్తే మనిషి దక్కడని మా వైపు భయం. కలవవు, ఒక్కో నరం ఒంటికి ఒక పక్కకే పోతుంది కదా.

బుడాపెస్ట్ డాక్టరు బోకాయ్, అక్కి వచ్చిన ఇళ్లలో పిల్లలకు ఆటలమ్మ వస్తోందని 1892లోనే గమనించాడు. ఇంగ్లండులో హోప్ సింప్సన్ అనే పల్లెటూరి డాక్టరు స్కాట్లండు ఉత్తరాన యెల్ అనే చిన్న దీవికి పోయి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాడు. పాత వైరస్సే లోపల దాగి లేస్తోందని 1965లో వాదించాడు. చేతిలో పుస్తకం, కాళ్లలో ఓపిక తప్ప మిషను లేదు. మా నాయన చేసిన పని లాంటిదే. నరాల ముడుల్లో ఆ డీఎన్ఏను చూసింది 1983లో.

మా వైపు అక్కికి వైద్యుడు కుమ్మరి. ఎర్రమట్టి మెత్తగా నూరి, ఈకతో పొక్కుల చుట్టూ గీత గీసి లోపల పూస్తాడు. డబ్బులు అడగడు, ఇచ్చింది తీసుకుంటాడు. చల్లగా ఉంటుందని పూయించుకున్నవాళ్లంతా చెబుతారు. చిక్కల్లా రోజుల దగ్గరే. ఆసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు లేచిన డెబ్బై రెండు గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే పొక్కులు మానినా నరాల నొప్పి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి పీడిస్తుంది. మట్టి పూయించుకుని, ఎండనిచ్చి, తగ్గక ఆసుపత్రికి వచ్చేసరికి నాలుగో రోజో అయిదో రోజో అవుతుంది. యాభై దాటినవాళ్లకు టీకా 2023లో మన దేశానికి వచ్చింది, రెండు డోసులు, ఒక్కోటి పదివేలు దాటుతుంది. పలకల కూలీకి అది మాట్లాడుకునే ధర కాదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆటలమ్మ వచ్చిన పిల్లాడికి వాకిట్లో మండలు కట్టి లోపల దాస్తాం. అక్కి వచ్చిన తాతను అరుగు మీద కూర్చోబెడతాం. ఆ పొక్కుల నీటిలో ఉన్నది అదే వైరస్, బతికున్నది, అంతకుముందు ఆటలమ్మ రాని పిల్లకు అంటగలిగింది. కుమ్మరి వచ్చి మట్టి గీతలు గీస్తుంటే వీధిలో పిల్లలంతా చుట్టూ మూగి, ఒకడి భుజం మీద ఒకడు వాలి చూస్తారు. రెండు మూడు వారాలకు వాళ్లలో ఒకడికి అమ్మవారు పోస్తే, ఈ మధ్య మన ఇంటికి ఏ ఊరి చుట్టాలొచ్చారని పెద్దవాళ్లు వాకబు మొదలుపెడతారు.